కొండబండ మీద గీతలు, రాతిపలక మీద ‘నిధి’ అన్న మాట: వీటిని ఎలా చదవాలి?

ప్రశ్న: మధురవాడ నివాసి

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో మధురవాడలో ఉంటాం. మా అమ్మగారి పుట్టినూరు భీమిలి వైపు కొండల దిగువన ఉంది. ఊరి పేరు నలుగురూ చదివే చోట రాయడం మంచిది కాదని రాయడం లేదు.

ఆ ఊరి వెనక గెడ్డ (వాగు) దాటిన తరువాత, జీడితోట అంచున, మంచమంత వెడల్పైన చదును బండ ఒకటి ఉంది. దాని మీద ఒక పెద్ద త్రిభుజం చెక్కి ఉంది. త్రిభుజం కొసనుంచి కిందికి దిగే గీతలు కొన్ని, వాటికి అడ్డంగా పోయే గీతలు కొన్ని ఉన్నాయి. పక్కనే రెండు వరుసల్లో, వరుసకు ఏడు చొప్పున, గుప్పెడు గింజలు పట్టేంత గుంటలున్నాయి. కింది వరుసలోని నాలుగో గుంట మాత్రం మిగిలినవాటికంటే బాగా లోతు. అక్కడినుంచి పైకి పోతే దారి పక్కన నడుమెత్తు రాతిపలక ఒకటి నిలబెట్టి ఉంది. దాని పైభాగాన సూర్యుడూ చంద్రుడూ, కింద అరిగిపోయిన ఏడెనిమిది వరుసల అక్షరాలూ ఉన్నాయి. కొండ నెత్తిన, చుట్టూ సముద్రం దాకా కనిపించే చోట, బండ మీద ఒక వృత్తం, దాని నట్టనడుమ ఒక చుక్క ఉన్నాయి.

పలక మీది అక్షరాలలో ‘నిధి’ అన్న రెండు అక్షరాలు నాకే స్పష్టంగా కనిపించాయి. అదే వరుసలో కాస్త ఎడంగా ‘గిరి’ అని కూడా ఉన్నట్టుంది. ఇంత వరకూ నాకు కుతూహలం తప్ప మరేమీ లేదు. అయితే మా బావమరిది ఒక పెద్దమనిషిని తీసుకువచ్చాడు. రాతి పటాలు చదవడంలో తనకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని ఆయన చెబుతున్నాడు. ఆయన లెక్క ప్రకారం త్రిభుజం ఈ కొండే. ఏడూ ఏడూ కలిపి పద్నాలుగు బారలు. లోతైన నాలుగో గుంట నిధి ఉన్న దిక్కు. కొండ మీది చుక్క నిధికుండ మూతి. సూర్యచంద్రులంటే పగలూ రాత్రీ కాపలా ఉన్నదని అర్థం. అరవై వేల రూపాయలూ, అమావాస్య నాటి పూజా ఖర్చులూ ఇస్తే చోటు చూపిస్తానంటున్నాడు. ఐదు వేలు ముందుగానే తీసుకున్నాడు కూడా.

నా ప్రశ్న ఒక్కటే. రాతి మీది గుర్తులను పటంగా చదవడానికి నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా? ఉంటే ఈ గుర్తులను ఆ పద్ధతి ప్రకారం ఎలా చదవాలి? ఎగతాళి చేయకుండా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: శాసనాల అభిమాని, అడవివరం

నేను ఉద్యోగరీత్యా పురావస్తు శాఖవాడిని కాదు. ఇరవై ఏళ్ళుగా సెలవు రోజుల్లో ఉత్తరాంధ్ర గుళ్ళ చుట్టూ తిరిగి శాసనాలు చదవడం నేర్చుకున్నవాడిని. మీరు గుర్తులన్నిటినీ విడివిడిగా వర్ణించడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఇటువంటి విషయాలలో మొదటి పొరపాటు వాటన్నిటినీ ఒకే మనిషి ఒకే రోజున ఒకే ఉద్దేశంతో చెక్కాడని అనుకోవడమే. బండ మీది గీతలకూ, పలకకూ, కొండ మీది వృత్తానికీ మధ్య సంబంధం ఉన్నదని మీకు ఎవరు చెప్పారు? ఆ పెద్దమనిషే కదా. ముందు ఆ దారం తెంపండి. తరువాత ఒక్కొక్క దానినీ దాని చోట ఉంచి చూద్దాం.

నేను పలక గురించి మాత్రమే మాట్లాడతాను. సూర్యచంద్రులు కాపలాదారులు కారు. దానశాసనం పైన వారిని చెక్కడం తెలుగు దేశమంతటా ఉన్న ఆచారం. ఈ దానం ‘ఆచంద్రార్కస్థాయి’గా, అంటే సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని చదువు రానివాడికి కూడా తెలియజేయడానికి చెక్కిన బొమ్మలవి. కాబట్టి మీ ముందున్నది ఎవరో ఎవరికో భూమినో, దీపానికి నూనెనో, తోటనో ఇచ్చినట్టు చెప్పే పత్రం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. సింహాచలం గుడిలో కులోత్తుంగ చోళుని కాలపు 1098-99 నాటి శాసనం మొదలుకొని శ్రీకృష్ణదేవరాయల శాసనాల దాకా గోడల నిండా ఉన్నవి ఎక్కువగా ఇటువంటి దానాలే. అక్కడ అఖండదీపాల లెక్క చదివి చదివి ఒక్కోసారి నాకే విసుగు వస్తుంది.

ఇక ‘నిధి’ అన్న మాట. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, భూదాన శాసనాలలో వచ్చే అష్టభోగాల జాబితా: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. నిధి అంటే సొంతదారు తెలియని పాతర, నిక్షేపం అంటే దాచిపెట్టిన సొత్తు, జలం నీరు, పాషాణం రాయి, అక్షిణి ఇప్పుడు చేతికి వస్తున్న ఆదాయం, ఆగామి ఇకముందు రాబోయేది, సిద్ధం ఇప్పటికే సాగులో ఉన్నది, సాధ్యం సాగులోకి తెచ్చుకోగలిగినది. భూమిని ఇచ్చేటప్పుడు దాని మీది ఈ ఎనిమిది హక్కులనూ కలిపి ఇచ్చామని రాసేవారు. రేపు ఎప్పుడైనా ఆ నేలలో ఏదైనా దొరికితే అది దానం పుచ్చుకున్నవాడిదే అని దీని భావం. అక్కడ నిధి ఉన్నదని శాసనం చెప్పడం లేదు. ఉన్నదని రాయించినవాడికి తెలిస్తే దానం చేయడానికి ముందే తవ్వి తీసుకునేవాడు కదా!

రెండవ దారి మరింత వింతైనది. శ్లోకంలో సంవత్సరాన్ని చెప్పేటప్పుడు అంకెలకు బదులు మాటలు వాడేవారు. వీటిని భూతసంఖ్యలంటారు. చంద్రుడు ఒకటి, నేత్రం రెండు, గుణం మూడు, మన్మథుడికి ఐదు బాణాలున్నాయి కాబట్టి బాణం ఐదు, కులపర్వతాలు ఏడు కాబట్టి గిరి ఏడు, కుబేరుడి నవనిధులను బట్టి నిధి తొమ్మిది. ఈ అంకెలను కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి. ఉదాహరణకు ఒక శ్లోకంలో ‘శాకాబ్దే నిధి గిరి గుణ భూ’ అని రాశారనుకోండి. తొమ్మిది, ఏడు, మూడు, ఒకటి. తిప్పి చదివితే శక సంవత్సరం 1379. దానికి 78 కలిపితే క్రీస్తు శకం 1457. ‘గిరి’, ‘నిధి’ ఒకే వరుసలో కనిపించాయని మీరు రాసినప్పుడు నాకు ముందుగా తోచింది ఇదే. కొండలో నిధి ఉన్నదని చదివి గునపం పట్టుకునేవాడు తవ్వేది బహుశా ఒక తేదీని!

రెండింటిలో ఏది అన్నది తేల్చడం కష్టం కాదు. ‘నిధి’ తరువాతి అక్షరాలు చూడండి. ‘నిక్షేప’ అని ఉంటే అష్టభోగాలు. ఆ వరుస పలక మొదట్లో ఉండి, దగ్గరలో ‘శాకే’, ‘శాకాబ్దే’, ‘శకవర్ష’ వంటి మాట ఉంటే సంవత్సరం. అక్షరాలు కనిపించడం లేదని సుద్దపొడి, పసుపు, నూనె రాయకండి, మేకుతో గీకకండి. పొద్దున ఏడు గంటల లోపల గానీ, సాయంత్రం ఎండ వాలినప్పుడు గానీ వెళ్ళండి. లేదా చీకటి పడ్డాక టార్చిలైటును పలకకు ఒక పక్కనుంచి, దాదాపు రాతిని ఆనించి పట్టి, ఎదురుగా నిలబడి ఫోటో తీయండి. నీడ గుంటల్లో పడి అక్షరం లేచి వస్తుంది. ఎడమ, కుడి, పై వైపులనుంచి వెలుగు వేసి మూడు ఫోటోలు తీస్తే చదివేవారికి చాలు.

పలక చివర ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని మొదలయ్యే శ్లోకం ఉంటే భయపడవద్దు. తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని దాని అర్థం. నిధిని కాచే శాపమని చెప్పి, శాంతి పూజకు డబ్బు వసూలు చేసేవాళ్ళు దీనినే చూపిస్తారు.

జవాబు: విశ్రాంత దస్తావేజు లేఖరి, భీమునిపట్నం

పై మిత్రులు చెప్పిన అష్టభోగాలు చదివి నవ్వుకున్నాను. నలభై ఏళ్ళు రిజిస్ట్రారు కచేరీ బయట బల్ల వేసుకుని క్రయ దస్తావేజులు రాశాను. ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ స్వామ్యములతో సహా మీకు క్రయము చేయడమైనది’ అని నా చేత్తో ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో లెక్క లేదు. తరువు చేరితే తొమ్మిది అవుతాయి కదా అని ఒక కుర్ర గుమాస్తా అడిగితే, మా గురువుగారు ‘రాయవోయ్, ఎనిమిదని రాసినా తొమ్మిదీ చెల్లుతాయి’ అన్నారు. మీ ఇంట్లో తాతల నాటి దస్తావేజు ఉంటే పెట్టె తీసి చూడండి, అందులోనూ ‘నిధి’ కనిపించవచ్చు. ఆ లెక్కన భీమిలిలో ప్రతి రెండు సెంట్ల స్థలమూ నిధిక్షేత్రమే.

బండ సంగతి కూడా చెబుతాను. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలంటే అది వామనగుంటలు. చింతగింజలతో ఆడతారు. త్రిభుజం, కొసనుంచి దిగే గీతలు, అడ్డగీతలు అంటే పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. గీతలు కలిసే చోట్లను లెక్కపెట్టి చూడండి. పశువులను కొండకు తోలుకుపోయినవాళ్ళు పొద్దు పోవడానికి నీడపట్టున ఉన్న చదును బండ మీద ఇవి తొలుచుకునేవారు. గుళ్ళ మండపాలలోనూ కనిపిస్తాయి. ఆ నాలుగో గుంట ఎందుకు లోతో నాకు తెలియదు.

జవాబు: సర్వే శాఖలో పనిచేసి విరమించినవాడు, పెందుర్తి

కొండ మీది వృత్తం, చుక్కల గురించి. చుక్క చుట్టూ వృత్తం చెక్కడం పాత త్రికోణమితీయ సర్వే కేంద్రాల గుర్తు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ పోయిన ఆ మహా సర్వేలో నేల మీద అతి జాగ్రత్తగా కొలిచిన ఆధార రేఖలు కొన్నే ఉన్నాయి. వాటిలో విశాఖపట్నం రేఖ ఒకటి, దానిని 1862-63లో కొలిచారు. వేడికి సాగకుండా రెండు లోహాలను జతచేసి తయారు చేసిన పదేసి అడుగుల కడ్డీలను వరుసగా పేర్చుకుంటూ మైళ్ళ కొద్దీ నేలను కొలవడం ఎంత ఓపిక పనో ఇప్పటి జీపీఎస్ పిల్లలకు చెప్పినా అర్థం కాదు. అటువంటి రేఖనుంచి చుట్టుపక్కల కొండ శిఖరాలకు కోణాలు తీసేవారు. కోణాలు కొలిచే థియోడొలైటు అనే పరికరాన్ని సరిగ్గా నిలబెట్టడానికి శిఖరం మీది రాతిలో చుక్క, వృత్తం చెక్కి, పైన రాళ్ళతో వేదిక కట్టేవారు. చుట్టూ సముద్రం దాకా కనిపించే చోట ఉన్నదని మీరే రాశారు. అందుకే ఆ చోటును ఎంచుకుని ఉంటారు.

చుక్కా వృత్తమూ ఉన్నవన్నీ సర్వే గుర్తులేనని నేను అనను. సర్వే ఆఫ్ ఇండియా టోపో పటంలో ఆ శిఖరం దగ్గర చిన్న త్రిభుజం, మధ్యలో చుక్క, పక్కన ఎత్తు అంకె ఉన్నాయేమో చూడండి. రాళ్ళ వేదిక శిథిలాలు చుట్టూ ఉంటే దాదాపు తేలినట్టే. అదే అయితే దానిని పెకలించడం ప్రభుత్వ సర్వే గుర్తును చెడగొట్టడం అవుతుంది, నేరం కిందికి వస్తుంది.

జవాబు: పూర్వం ఫీనిక్స్‌లో, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఆరేళ్ళు ఉన్నాను. రాతి పటాలు చదివి కొండల్లో బంగారం వెతకడం అంటే ఏమిటో ప్రపంచంలో అక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదేమో. మీ పెద్దమనిషి పద్ధతి చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది.

ఫీనిక్స్ నగరానికి తూర్పున సూపర్‌స్టిషన్ కొండలున్నాయి. ఆ పేరుకు మూఢనమ్మకం అనే అర్థం. ఇంతకంటే తగిన పేరు ఎవరూ పెట్టలేరు. జేకబ్ వాల్ట్జ్ అనే జర్మన్ వలసదారు 1891లో ఫీనిక్స్‌లో చనిపోయాడు. అతడికి ఆ కొండల్లో ఒక బంగారు గని తెలుసుననీ, ఆ రహస్యం అతడితోనే పోయిందనీ కథ మొదలైంది. అంతకుముందే పెరాల్టా అనే మెక్సికన్ కుటుంబం అక్కడ గనులు తవ్విందని మరో కథ దానికి తోడైంది. తరువాత 1949లో దారి పక్కన దొరికాయంటూ చెక్కిన రాతిపలకలు కొన్ని బయటికి వచ్చాయి. వాటినే పెరాల్టా రాళ్ళంటారు. వాటి మీద గుర్రం, అంగీ తొడుక్కున్న పూజారి వంటి మనిషి బొమ్మలున్నాయి. రెండు పలకలను పక్కపక్కన పెడితే ఒక వంకర దారి గీత, దాని వెంట చుక్కలు కనిపిస్తాయి. ఒక పలకలో హృదయాకారపు గుంట ఉంది, అందులో సరిగ్గా ఇమిడే హృదయాకారపు రాయి విడిగా ఉంది. 1847 అన్న సంవత్సరం చెక్కి ఉంది. ‘ఈ దారి ప్రమాదకరం’, ‘పటం వెతుకు, హృదయం వెతుకు’ అన్న అర్థాలొచ్చే స్పానిష్ మాటలున్నాయి. ఆ స్పానిష్‌లో తప్పులు చాలా ఉన్నాయి. 1964లో లైఫ్ పత్రిక వీటి గురించి రాసిన తరువాత దేశమంతా తెలిసిపోయింది. ఇప్పుడు ఆ కొండల దగ్గరి మ్యూజియంలో చూడవచ్చు. నేను రెండుసార్లు చూశాను. రాళ్ళు అందంగానే ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఆ దారి గీతను ఆ కొండల్లో ఒక లోయకు సరిపోల్చినవారున్నారు. దానినే పది మైళ్ళ అవతల మరో లోయకు సరిపోల్చినవారున్నారు. పలకను తిప్పి ఉత్తరాన్ని దక్షిణం చేసినవారు, చుక్కకు మైలు అన్నవారు, చుక్కకు లీగు అన్నవారు, రాయిని అద్దంలో చూడాలన్నవారు కూడా ఉన్నారు. ఎవరి పటం వారికి చక్కగా కుదిరింది, ఎవరికీ గని దొరకలేదు. కారణం తెలిసిందే. పటం మీద కొలత లేదు, దిక్కు లేదు, మొదలుపెట్టవలసిన చోటు లేదు. ఈ మూడూ లేని గీతను ఏ కొండకైనా తొడగవచ్చు. మీ పెద్దమనిషి పద్నాలుగు గుంటలు పద్నాలుగు బారలన్నాడు. అడుగులు ఎందుకు కాకూడదు, ఎక్కడినుంచి, ఏ వైపుకు? ఈ మూడు ప్రశ్నలూ ఆయనను నా మాటగా అడగండి.

ఆ కొండలు ఎక్కువగా అగ్నిపర్వతాల బూడిద, లావా గట్టిపడి ఏర్పడినవి. బంగారం దొరకడానికి అనువైన రాయి కాదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. విచిత్రమేమిటంటే ఆ కొండల పడమటి అంచున గోల్డ్‌ఫీల్డ్‌లో 1892 ప్రాంతంలో నిజంగానే బంగారం దొరికి గనులు నడిచాయి. పటమూ లేదు, రహస్యమూ లేదు, రాయిని చూసి గుర్తుపట్టిన గనివాళ్ళు ఉన్నారు, అంతే. పటాలు పట్టుకుని లోపలికి పోయినవారిలో అడాల్ఫ్ రూత్ అనే వృద్ధుడు 1931 వేసవిలో కనబడకుండా పోయాడు. ఆ ఏడాది చివర అతడి పుర్రె మాత్రం దొరికింది. 2010 జూలై ఎండల్లో ఆ గని కోసమే వెళ్ళిన ముగ్గురు తిరిగి రాలేదు. మరుసటి జనవరిలో వారి అవశేషాలు కనిపించాయి. 1984నుంచి ఆ అరణ్యంలో కొత్తగా గని హక్కులు ఇవ్వడం లేదు. అయినా పలకల ఫోటోలు చేతబట్టుకున్న పెద్దమనుషులు కాలిబాటల మీద నాకు ఎదురుపడుతూనే ఉండేవారు. చాలా మర్యాదస్థులు, మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఒక్కొక్కరికీ సొంత లోయ ఉంది.

జవాబు: ఆనందపురం రైతు

అన్నీ చదివాను. ఆట అన్నారు, దస్తావేజు అన్నారు, సర్వే గుర్తు అన్నారు. మోసగాడికి డబ్బు ఇవ్వవద్దన్నంత వరకూ నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ నేలలో ఏమీ లేదన్నట్టు మాట్లాడటం సరికాదు. శంకరం దగ్గర బొజ్జన్నకొండ అనే బౌద్ధ స్థలాన్ని పురావస్తు శాఖ అలెగ్జాండర్ రీ దొర 1907-08లో తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. మరో బౌద్ధ స్థలం తొట్లకొండ మీద రోమన్ వెండి నాణేలు దొరికాయి. రాతి మీద పటాలే ఉండవనడమూ తప్పే. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతాన సెయింట్ బెలెక్ సమాధిలో 1900లో దొరికిన పలక సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటి పటమని 2021లో పరిశోధకులు ప్రకటించారు. నాలుగు వేల ఏళ్ళ కిందట వాళ్ళు చెక్కగలిగినప్పుడు, మనవాళ్ళు ఐదు వందల ఏళ్ళ కిందట చెక్కలేరా?

జవాబు: శాసనాల అభిమాని, అడవివరం

ఆనందపురం మిత్రులు అడిగినది అడగవలసిన ప్రశ్నే, పైగా సెయింట్ బెలెక్ పలక ఈ చర్చకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన ఉదాహరణ. దానిని పటమని ఎలా తేల్చారో చూడండి. ఆ పలక మీది గుంటలను, గీతలను, ఉబ్బెత్తులను త్రిమితీయ పద్ధతిలో కొలిచి, గీతల అల్లికను ఆ చుట్టుపక్కల వాగుల అల్లికతో లెక్క ప్రకారం పోల్చారు. ఇంచుమించు ముప్పై కిలోమీటర్ల పొడవు, ఇరవై ఒక్క కిలోమీటర్ల వెడల్పు గల ఓడె నది లోయతో అది కుదిరింది. పటమని ముందు అనుకుని కొండ వెతుక్కోలేదు, కుదరకపోతే కుదరలేదని ఒప్పుకునే కొలబద్ద ముందుగా పెట్టుకున్నారు. అది చూపించినదేమిటంటే ఒక పాలకుడి నేల, వాగులు, బహుశా అతడి అధికారం. పాతర ఎక్కడుందో చూపించే గుర్తని వారు చెప్పలేదు. పాతర పెట్టినవాడు దాని ఆనవాలును దారిన పోయే ప్రతివాడూ చూసే బండ మీద చెక్కి పోతాడా అన్నది నా అనుమానం. మీరు కాలవ పక్కన డబ్బు దాచి, గట్టు మీద బోర్డు పెడతారా?

బొజ్జన్నకొండ, తొట్లకొండ నాణేలు కూడా అలాగే. తొట్లకొండను 1988నుంచి 1992 దాకా పొర తరువాత పొరగా తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్లనుంచే ఆ కొండకు పేరు వచ్చింది. అక్కడి నాణెం విలువ దాని వెండిలో లేదు, అది ఏ పొరలో, ఏ గది పక్కన, ఏ నాణేలతో కలిసి దొరికిందన్నదానిలో ఉంది. రాత్రికి రాత్రి గునపంతో పెకలిస్తే నాణెం మిగులుతుంది, సంగతి పోతుంది.

పటాల మాట వచ్చింది కాబట్టి బిహారులోని రాజగృహం సంగతి కూడా చెప్పాలి. సోన్‌భండార్ అనే గుహలున్నాయి, పేరుకు అర్థమే బంగారు భాండాగారం. గోడ మీది రాతలు చదివితే రాతి తలుపు తెరుచుకుని నిధి బయటపడుతుందని తరతరాలుగా చెప్పుకుంటారు. గుహ ద్వారం పక్కన ఉన్న శాసనాన్ని చదివారు. వైరదేవుడనే జైన ముని తాపసుల కోసం రెండు గుహలు తొలిపించాడని ఉంది. సర్వసంగ పరిత్యాగుల నివాసాన్ని బంగారు కొట్టుగా మార్చుకున్నది మన ఆశే.

ప్రభుత్వాలు కూడా ఈ ఆశకు అతీతం కావు లెండి. ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించిందంటే 2013 అక్టోబరులో తవ్వకం మొదలుపెట్టారు. మన కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో తవ్వించారు. బంగారం రెండు చోట్లా దొరకలేదు.

జవాబు: న్యాయవాది, ద్వారకానగర్

చట్టం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. 1878 నాటి గుప్తనిధుల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. నేలలో దాగిన, పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు దొరికినా, దొరికినవాడు అది ఎక్కడ, ఎప్పుడు, ఎంత దొరికిందో కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే తన వాటా పోగొట్టుకోవడమే కాక ఏడాది వరకూ జైలుశిక్షకు కూడా గురికావచ్చు. తెలియజేసి, సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు నేల యజమానికి అని చట్టం చెబుతుంది. దీనిని పట్టుకుని కొందరు ‘చట్టమే ముప్పాతిక ఇస్తుంది’ అని కక్షిదారులను ఊరిస్తుంటారు. ఆ చట్టం దొరికినదాని గురించి చెబుతుందే తప్ప, అటవీ భూమిలోనో ఇతరుల నేలలోనో తవ్వడానికి అనుమతి ఇవ్వదు. కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన చోట్ల చుట్టూ వంద మీటర్ల మేర నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అమావాస్య రాత్రి కొండ మీద గునపాలతో పట్టుబడితే పటం చదివినవాడు ముందుగా మాయమవుతాడు. నా దగ్గరికి బెయిలు కోసం వచ్చేవారు ఎప్పుడూ డబ్బు పెట్టినవారే.

ప్రశ్న అడిగినవారి జవాబు: మధురవాడ నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున ఆరున్నరకే బావమరిదిని వెంటబెట్టుకుని కొండకు వెళ్ళాను. తెలుసుకున్నవి ఇవీ.

బండ మీది త్రిభుజంలో గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టాం. ఇరవై మూడే ఉన్నాయి. కొండ మీది వృత్తం చుట్టూ, తుప్పలు తొలగించి చూస్తే, చతురస్రంగా పేర్చిన రాళ్ళ అడుగు వరుస ఒకటి కనిపించింది. టోపో పటం ఇంకా చూడలేదు. పలకకు టార్చి వెలుగు పక్కనుంచి పట్టి ఫోటోలు తీశాను. ‘నిధి’ ఉన్నది పైనుంచి రెండవ వరుస. దాని తరువాత ‘నిక్షేప’ లేదు. ఆ పై వరుస చివర ‘శాకా’ అన్నంత వరకూ ఇద్దరికీ ఒకేలా కనిపించింది, ఆపై పెచ్చు ఊడిపోయింది. ‘గిరి’ అనుకున్నది ‘గిరి’యేనని నేనూ, ‘హరి’ అని బావమరిదీ వాదించుకుంటున్నాం. ఫోటోలు ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర, పురావస్తు విభాగానికి తీసుకువెళ్ళి చూపిస్తాను. అడవివరం మిత్రులు కూడా చూస్తామంటే మూడు వైపుల ఫోటోలూ విడిగా పంపుతాను.

ఆ పెద్దమనిషిని ఎక్కడినుంచి, ఏ వైపుకు, ఏ కొలత అని అడిగాం. మీరు అనుమానంతో అడిగారు కాబట్టి నిధి చోటు మారిపోయిందని చెప్పాడు. ఐదు వేలు తిరిగి రాలేదు.

మిగిలినది నాలుగో గుంట. సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు ఫోటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఆ బండ మీద తాను, తన అక్కలు చింతగింజలు ఆడేవాళ్ళమనీ, గుంటలు తమ ఇంటి పాలేరే తొలిచి ఇచ్చాడనీ చెప్పింది. నాలుగో గుంట అంత లోతుగా ఎందుకుందని అడిగాను. ‘అట్లతద్దికి అందులోనే గోరింటాకు నూరేవాళ్ళం’ అంది.